పపైరస్ మీద హెప్సీ చెయ్యి

ముందే ఒక మాట చెప్పేస్తాను. మా చెల్లెలు కృపాసుందరికి పిచ్చి లేదు. ఊళ్ళో ఎవరేమనుకున్నా సరే. బాపట్ల దాటాక సముద్రం వైపు ఉన్న దైవశాస్త్ర కళాశాలలో ఏళ్ళ తరబడి గ్రీకు పాఠాలు చెప్పిన మనిషి అది. గ్రీకు చదువుతూ మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకునే మనిషిని నేను దాన్ని తప్ప ఇంకొకర్ని చూడలేదు. నేను దాని అక్కని, సలోమిని. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. కాదు మరి, ఏం చెయ్యమంటారు?

వాళ్ళ కాలేజీ లైబ్రరీలో రెండు గాజుపలకల మధ్య ఒక పపైరస్ ఆకు ఉండేది. పూర్వం ఎవరో దొరసాని ఓడలో ఇక్కడికి వస్తూ ఐగుప్తులో కొన్నదట. నైలు ఒడ్డున మొలిచే జమ్ములాంటి మొక్కని చీలికలు చేసి, అడ్డంగా నిలువుగా పేర్చి, అదిమి ఆరబెట్టిన కాగితం. అరచేతికన్నా కాస్త పెద్దది. దాని మీద దుమ్ము దులిపే దిక్కు కూడా లేకపోతే, కృప వచ్చి కూర్చుని చదివి అది ఒక సువార్త చివరి పేజీ అని తేల్చింది. తర్వాత ఎక్కడెక్కడికో పంపి పరీక్షలు చేయించారు. లోకంలో మిగిలిన ప్రతుల్లో బాగా పాతవాటిలో ఇదొకటి అన్నారు.

అందులో, ఆదివారం తెల్లవారుతుండగా ఆడవాళ్ళు సుగంధద్రవ్యాలు పట్టుకుని ప్రభువు సమాధి దగ్గరికి వెళ్తారు కదా. రాయి దొర్లించి ఉంటుంది. వాళ్ళు హడలిపోయి పారిపోతారు, భయం కొద్దీ ఎవరికీ ఏమీ చెప్పరు. సరిగ్గా అక్కడ ఆ ఆకు చిరిగిపోయింది. ఆ తర్వాత ఆ ఆకు రాసిన లేఖకుడు ఇంకేమైనా రాశాడా, అక్కడితో ఆపేశాడా అని పెద్ద పెద్ద పండితులు ఇప్పటికీ కొట్టుకు చస్తున్నారట.

ఇక హెప్సీ సంగతి. దాని పూర్తిపేరు హెప్సిబా. కృపకి ఒక్కగానొక్క కూతురు. మా మరిది వాళ్ళిద్దర్నీ వదిలేసి నెల్లూరులో ఇంకో కాపురం పెట్టుకున్నాడు, అతని గురించి ఇంతకన్నా చెప్పడం దండగ. హెప్సీ నాలుగో తరగతిలో ఉండగా మెదడువాపు జ్వరం వచ్చింది. మా ఆస్పత్రిలోనే చేర్చాం. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. నేను డ్యూటీ దిగినా ఇంటికి పోకుండా ఆ మంచం పక్కనే ఉన్నాను.

మా ఇళ్ళల్లో పిల్లకి జ్వరం వస్తే దిండు కింద బైబిలు పెడతాం. తలమీద ఆనించి ప్రార్థన చేస్తాం. అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. కృప దిండు కింద బైబిలు పెట్టింది. జ్వరం దిగలేదు. అప్పుడు కాలేజీకి పరిగెత్తి, బీరువా తాళం దాని దగ్గరే ఉంటుంది కనక, ఆ ఆకు తీసుకొచ్చింది. గాజుపలకలు విప్పింది.

"గాజుతోనే పెట్టవే, పాడైపోద్ది," అన్నాను.

"మధ్యలో గాజెందుకక్కా, తగలాల గదా," అంది.

పిల్ల గుండెల మీద ఆకు పెట్టి, దాని మీద పిల్ల చెయ్యి పెట్టి, ఆ పైన తన చెయ్యి పెట్టి కూర్చుంది. ఆ జ్వరంలో రోగులు పక్కదుప్పటి పీకుతుంటారు. వేళ్ళు ఊరికే వెతుకుతుంటాయి, గిల్లుతుంటాయి. నర్సులకి ఆ కదలిక తెలుసు, అది చావు ముందు వచ్చేది. హెప్సీ వేళ్ళు దుప్పటికి బదులు ఆ ఆకుని గిల్లాయి. అలా గిల్లుతూ గిల్లుతూనే ఆగిపోయాయి. ఆకు మళ్ళీ గాజుల మధ్యకి, బీరువాలోకి వెళ్ళిపోయింది. ఆ సంగతి మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్తాం?

*

మరుసటి ఏడు హైదరాబాదు నుంచి వేమూరి శేషఫణి అనే సైంటిస్టు తన మిషను తీసుకుని కాలేజీకి వచ్చాడు. మనిషి నెమ్మది. గడ్డం గీసుకోవడం మరిచిపోయే రకం. తన మిషనుకి 'అనుహస్తం' అని పేరు పెట్టుకున్నాడు. చూడబోతే ఒక పెద్ద పెట్టె, దాన్నుంచి మోచేతి దాకా తొడిగే ఒక మెత్తటి తొడుగు.

మొదటిరోజు అందరికీ చూపించాడు. నేనూ వెళ్ళాను. ప్రిన్సిపాల్ ఎలీషా అయ్యగారి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించి పెట్టెలో పెట్టాడు. కృప చేతికి తొడుగు తొడిగి, కలం పట్టించి, కళ్ళు మూసుకోమన్నాడు. కాసేపటికి దాని చెయ్యి లేచి అయ్యగారి సంతకం పెట్టేసింది. చివర్లో అయ్యగారు కొసరుగా లాగే ఆ తోక కూడా వచ్చింది. అంతకన్నా వింత, సంతకం చేసేముందు అయ్యగారు మణికట్టుని ఒకసారి బల్లకేసి కొడతారు, అదీ కొట్టింది.

"అమ్మో! చెక్కుబుక్కు దాచుకోవాలమ్మా ఇక," అన్నారు అయ్యగారు. అందరం నవ్వాం.

"కలం ఒత్తితే నారలు వంగుతాయండీ," అన్నాడు శేషఫణి. "ఎన్ని వందల ఏళ్ళు ఎండినా ఆ వంపు పోదు. వంపుని బట్టి వేలు, వేలుని బట్టి మణికట్టు, అలా వెనక్కి లెక్క కట్టుకుంటూ పోతాం. తొడుగు ఆ కదలికని మేడం గారి నరాలకి నేర్పుతుంది."

"మరి ఆ రాసేదేదో మిషనే రాసేస్తే పోలా? మా పిల్ల చెయ్యెందుకు?" అన్నాను.

"మిషనుకి చిరుగు దాకానే తెలుస్తుందండీ. మనిషి అలా ఒక్కో అక్షరం చూసి రాయడు. ఒక వాక్యం నోట్లో అనుకుని రాస్తాడు. చివరి అక్షరం గీస్తుండగానే చెయ్యి తర్వాతదానికి సిద్ధమైపోతుంది. ఆ సిద్ధపడటం ఆ భాష ఒంటబట్టిన బతికున్న చేతికే అందుతుంది. చిరుగు దాటాక ఆయన ఏం రాయబోయాడో ఆ చెయ్యి కొంచెం దూరం రాయగలదు."

అయ్యగారి కళ్ళు మెరిశాయి. దేశదేశాల వాళ్ళు మా కాలేజీ పేరు చెప్పుకుంటారన్నారు. నాకు మాత్రం ఎందుకో ఆ తొడుగు నచ్చలేదు. ఇంటికొచ్చాక అదే అన్నాను.

"వద్దులేవే. ఇంకెవరన్నా పెట్టుకుంటారు."

"ఇంకెవరికీ రాదక్కా గ్రీకు, నాకొచ్చినంత." అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తోంది. "వాళ్ళు భయపడి పారిపోయారు. తర్వాత ఎవరన్నా తిరిగి లేచిన ప్రభువుని చూశారా, లేదా? అది రాసుందా, లేదా? నాకది కావాల."

"మిగతా సువార్తల్లో ఉందిగా తల్లీ. చిన్నప్పట్నించీ చదూతానే ఉన్నాంగా."

"ఉంది. నాకు ఇందులో కావాల. నేను హెప్సీ గుండెల మీద పెట్టిన ఆకులో కావాల."

నేనే అన్నం కలిపి దాని ముందుకి జరిపాను.

*

మొదటి వారాల్లో చెయ్యి అంతంతమాత్రంగా రాసింది. తర్వాత్తర్వాత జోరందుకుంది. ఆకులో ఉన్న వరసలన్నీ ఆ లేఖకుడు రాసినట్టే పెద్దపెద్ద గ్రీకు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాసేది. కృప ఇంటికొచ్చి అతని గురించి చుట్టం గురించి చెప్పినట్టు చెప్పేది. బొటనవేలు పగిలి ఉండేదట, నొక్కేటప్పుడు పక్కకి తప్పించేవాడట. వరస చివరికొచ్చేసరికి అలిసిపోయేవాడట. ఎవరో పక్కన కూర్చుని చదువుతుంటే విని రాసేవాడట, ఎందుకంటే మధ్యమధ్యలో చెయ్యి ఆగి ఎదురుచూస్తుంది.

"మంచోడక్కా. తొందరపడడు," అంది ఒకసారి, చాలా నెలల తర్వాత నవ్వుతూ. దాని మొహంలో ఆ నవ్వు చూసి నేనూ మెత్తబడ్డాను. తప్పదు, పిల్ల పోయాక అది నవ్వడం అదే మొదలు.

కానీ ఇంట్లో తేడాలు కనిపించసాగాయి. అన్నం కలిపితే వేళ్ళు మూడూ దగ్గరకొచ్చి కలం పట్టుకున్నట్టు మెతుకుల్ని పట్టుకునేవి. ముద్ద నోటిదాకా వచ్చేలోపు సగం రాలిపోయేది. కూరగాయలు తరిగితే చెయ్యి కత్తిపీట దగ్గర ఆగిపోయేది, ఎవరో చెప్తే గాని కదలనన్నట్టు. ఒకరోజు పాలవాడికి చీటీ రాయబోయి, తెలుగు అక్షరం ఒక్కటీ రాక, కూర్చుని ఆ కాగితం వంకే చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు కాలేజీకి వెళ్ళి శేషఫణిని కడిగేశాను.

"ఏం నాయనా, దాని చెయ్యి దానికి తిరిగిస్తావా, ఇవ్వవా?"

అతను తల దించుకున్నాడు. "నేనూ మేడంకి అదే చెప్తున్నానండీ. ఒకే చోట నడుస్తుంటే గడ్డిలో బాట పడుతుంది చూడండి, నరాల్లోనూ అంతే. ఇంకా పైపైనే ఉంది. ఇప్పుడు ఆపేస్తే కొన్నాళ్ళకి గడ్డి మొలుస్తుంది. చిరుగు దాటించే ప్రయత్నం ఒక్కటి చేసి ఆపేద్దామని ఆవిడే అంటున్నారు."

ఆ ఒక్కటికీ నేను పక్కనుంటానన్నాను.

*

ఆ రోజు గదిలో మేం నలుగురం. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి పక్కకి నిలబడ్డారు. కృప చెయ్యి రాయడం మొదలుపెట్టింది. సమాధి దాకా రాసింది. ఆడవాళ్ళు పరిగెత్తారు. ఎవరికీ చెప్పలేదు. భయపడ్డారు. అక్కడ కలం ఒక క్షణం ఆగింది. అయ్యగారు ఒక అడుగు ముందుకేశారు.

కలం వేళ్ళలోంచి జారి కింద పడింది. చెయ్యి బల్ల మీద వెల్లకిలా కాదు, బోర్లా పడుకుంది. వేళ్ళు మెల్లగా ముందుకు పాకాయి. కాగితం అంచు దొరకపుచ్చుకుని గిల్లాయి. వదిలేశాయి. మళ్ళీ వెతికాయి.

నేను నోరు తెరిచేలోపే కృప అంది.

"అక్కా. హెప్సీ."

"కాదు," అన్నాను. "కాదే. మిషను చెడిపోయింది."

"హెప్సీ చెయ్యక్కా. నాకు తెలీదా?"

శేషఫణి గబగబా మిషను ఆపాడు. ఏమిటిదంతా అని అయ్యగారు అడిగారు. ఇక దాచి లాభం లేక, గాజు విప్పిన సంగతి, ఆకు పిల్ల గుండెల మీద పెట్టిన సంగతి కృప చెప్పేసింది. అయ్యగారు కోప్పడలేదు. ఆయన పిల్లలకి జ్వరమొచ్చినా ఆయన చేసేది అదే. తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. శేషఫణి మాత్రం తెరమీద గీతలే చూస్తున్నాడు.

"చిరుగు దగ్గర కొత్తవంపులు కొన్ని ఉన్నాయి," అన్నాడు. "ఎవరో సరిగ్గా పట్టుకోక నలిగిందనుకున్నాను. చెమట తడికి నార మెత్తబడి, వేళ్ళ ఒత్తిడి బాగా దిగింది. లేఖకుడి చెయ్యి చిరుగు దగ్గర సన్నబడుతుంది. ఇది దాన్ని మింగేస్తోంది."

"ఏం చెయ్యాలంటారు?" అని అడిగారు అయ్యగారు.

"ఆకుకి సన్నగా ఆవిరి పట్టించి, పలకల మధ్య అదమాలి. సిరా పట్టి ఉంచిన పాత వంపులు నిలుస్తాయి. ఈ కొత్తవి పోతాయి. అప్పుడు లేఖకుడు దొరకొచ్చు." కృప వైపు చూడలేక గోడకేసి చూస్తూ చెప్పాడు. "పాప చెయ్యి ఉండదు."

"నాకు అదొక్కటే ఇయ్యండి," అంది కృప. "లేఖకుడు వద్దు. అదొక్కటే ఇయ్యండి."

"అది చేతిరాత కాదు మేడం. అది జబ్బు. ఎలా చెప్పాలి మీకు, దానికి మొదలూ చివరా లేవు. దాన్ని ఒంట్లోకి తీసుకోకూడదు."

"మీకు పిల్లలున్నారా?"

అయ్యగారు లేచి కృప తలమీద చెయ్యి పెట్టారు. లోకంలోని విశ్వాసులందరూ ఎదురుచూసే వాక్యమమ్మా, ఒక్క ఇంటి దుఃఖం కోసం దాన్ని ఆపగలమా అన్నారు. ఆయన మంచివాడే. ఆ మాట అన్నందుకు మాత్రం ఇప్పటికీ నాకు ఆయన మొహం చూడబుద్ధి కాదు. వచ్చే సోమవారం ఆవిరి పట్టించాలని నిర్ణయించారు. కృప ఇంటికొచ్చి పడుకుంది.

ఆ ఆదివారం చర్చిలో బల్ల. నెలకోసారి వచ్చే ఆ ప్రభు భోజనాన్ని కృప ఏనాడూ మానలేదు, పురుడు పోసుకున్న నెల తప్ప. నాకు కాస్త ముందుగా వెళ్ళి చోటు పట్టమంది. పట్టాను. ఆరాధన మొదలైంది, పాటలైపోయాయి, వాక్యమూ అయిపోవస్తోంది, నా పక్క చోటు ఖాళీగానే ఉంది. రొట్టె పళ్ళెం నా వరసకి వచ్చేసరికి నాకు విషయం తట్టింది. పళ్ళెం పక్కావిడకి అందించి, చెప్పులు కూడా వేసుకోకుండా కాలేజీకి పరిగెత్తాను.

లేఖకుడి చెయ్యి తేటగా దొరకాలంటే ముందు మిషనులో పాప చెయ్యి కదలికని విడదీసి పక్కన పెట్టుకోవాలి కదా. శేషఫణి ఆ పని శనివారమే చేసి పెట్టుకున్నాడు, తీసి పారెయ్యడానికి. అది కృపకి తెలుసు. గది తాళాలు దాని దగ్గరే ఉన్నాయి. మిషను ఎలా నడపాలో నెలల తరబడి చూసి నేర్చుకుంది. ప్రార్థన మొదలైన దగ్గర్నుంచి, ఊరంతా చర్చిలో ఉన్నంతసేపూ, ఆ తొడుగు తొడుక్కుని కూర్చుంది.

నేను తలుపు తోసేసరికి కుడిచెయ్యి ఒళ్ళో చీరని గిల్లుతోంది. ఎడమచెయ్యి దాని మీద కప్పి ఉంచింది. మొహం కడిగినట్టు తేటగా ఉంది.

"అక్కా, వచ్చింది," అంది.

నేను తొడుగు లాగి పారేశాను. చెయ్యి ఆగలేదు.

*

మొదటి వారాలు అది సంతోషంగానే ఉందని చెప్పాలి. అది చూసి నాకు ఇంకా భయం వేసింది. చెయ్యిని పక్కన పడుకోబెట్టుకునేది. దానితో మాట్లాడేది. "ఏందే, చలేస్తందా? మంచినీళ్ళు కావాలా?" అనేది. ఎడమచేత్తో ఒళ్ళు తోముకుని, ఎడమచేత్తో తిని, కుడిచేతికి మాత్రం నూనె రాసి, మెత్తటి గుడ్డ మీద పెట్టుకునేది. వేళ్ళు గుడ్డని వెతికేవి, గిల్లేవి. కాసేపటికి నెమ్మదించేవి. ఉన్నట్టుండి చెయ్యంతా బిర్రబిగుసుకుని వదులైపోయేది. కొంతసేపు కదలకుండా పడి ఉండేది. తర్వాత చిటికెనవేలు మొదలుపెట్టేది, మళ్ళీ అంతా మొదటినుంచీ.

ఆ వదులవడం ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు, మా హెప్సీ దాని చేతిలో పోతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం కృప పెట్టె తీసి హెప్సీ రిబ్బన్లు, రంగుపెన్సిళ్ళు బయట పోసింది. హెప్సీకి బొమ్మలంటే ప్రాణం. గోడలన్నీ పాడుచేసేది, నా చేత దెబ్బలు కూడా తింది. ఎర్రపెన్సిలు తీసి కుడిచేతిలో పెట్టింది. వేళ్ళు దాన్ని పట్టుకోలేదు. కాసేపు గిల్లి వదిలేశాయి. రిబ్బను పెట్టింది. దాన్నీ గిల్లి వదిలేశాయి. తన కొంగు తీసి అందించింది. ఆ పిల్ల ఎక్కడికెళ్ళినా తల్లి కొంగు గుప్పిట్లో చుట్టుకుని నడిచేది. వేళ్ళు కొంగునీ అలాగే గిల్లాయి, దుప్పటిని గిల్లినట్టు.

"నన్ను గుర్తుపట్టట్లేదక్కా," అంది.

"ఆ రోజు కూడా పట్టలేదే. జ్వరంలో ఉందిగా."

"మిగతాదేదీ రాలేదా? బొమ్మలేసేది? నా జడ పీకేది?"

"ఆకు మీద బొమ్మలెయ్యలేదుగా తల్లీ."

అప్పుడు ఏడ్చింది. అంత్యక్రియల రోజు కూడా అలా ఏడవలేదు. ఏడుస్తున్నంతసేపూ ఆ చెయ్యి దాని పని అది చేసుకుంటూనే ఉంది. పిల్లని తెచ్చుకుందామని వెళ్ళి పిల్ల చావుని తెచ్చుకుంది నా చెల్లెలు.

ఈలోగా ఊళ్ళో పుకారు పాకింది. సువార్త రాసిన పరిశుద్ధుడి చెయ్యి కృపమ్మ చేతిలోకి వచ్చిందట అని. ఇంటిముందు జనం. ప్రార్థన చేయించుకుంటామని కొబ్బరినూనె సీసాలు పట్టుకుని వరండాలో కూర్చునేవాళ్ళు. చీరాల నుంచి, రేపల్లె నుంచి కూడా వచ్చారు. చెయ్యి కదులుతుంటే "స్తోత్రం, స్తోత్రం" అని మోకాళ్ళూనేవాళ్ళు. నేను చీపురు పట్టుకుని తరిమాను. "పోండి! ఆ చేతిలో ఏముందో తెలిస్తే ఒక్కరూ గడప తొక్కరు!" అని అరిచాను. నా నోటికి జడిసి వెళ్ళిపోయి, మర్నాడు ఇంకొందర్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు.

కాలేజీలో ఆకుకి ఆవిరి పట్టించారు. కొత్తవంపులు పోయాయి. బెంగుళూరు నుంచి ఒక ముసలి గ్రీకు పండితుణ్ణి పిలిపించి, ఒకే ఒక్కసారి అని ఒప్పించి తొడుగు తొడిగారు. భయపడ్డారు అన్న మాట దాకా ఆయన చెయ్యి రాసింది. తర్వాత కలం పైకి లేచింది, సిరాలో ముంచుకోవడానికి లేచినట్టు. అలాగే గాలిలో ఉండిపోయింది. ఎన్ని గంటలు కూర్చున్నా కిందికి దిగలేదు. ఆ ముసలాయన చెయ్యి నొప్పెట్టి దించేశాడు. అయ్యగారు మిషను కట్టించి పంపేశారు.

వెళ్ళేముందు శేషఫణి మా ఇంటికి వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు. గుంటూరులో తనకి తెలిసిన సర్జన్ ఉన్నాడట, మోచేతి దగ్గర ఒక నరం తెంచితే చెయ్యి ఊరుకుంటుందట. పనికి రాదు గాని, ఊరుకుంటుంది. నేను సరేనన్నాను. లోపలికెళ్ళి కృపకి చెప్పాను.

"రెండోసారి హెప్సీని నా చేత చంపిస్తావా?" అంది.

ఆ మాట విని శేషఫణి మెట్లమీద కూర్చుండిపోయాడు. ఒక పెద్దమనిషి అలా వెక్కివెక్కి ఏడవడం నేను చూడలేకపోయాను. మంచినీళ్ళిచ్చి పంపించాను. తిట్టాలనుకున్నవన్నీ మనసులోనే ఉండిపోయాయి.

*

వానలు వెనకపట్టాక కృపే మొదట గమనించింది. చెయ్యి కదలకుండా పడి ఉండే సమయం పెరుగుతోంది. ఇదివరకు ఒక పాట పాడుకునేంతసేపు. ఇప్పుడు వంటయ్యేంతసేపు. గిల్లడం కూడా పలచబడింది, వేలు లేస్తుంది గాని గుడ్డని పట్టుకోదు. శేషఫణికి ఫోన్ చేశాను. బాట మీద ఎవరూ నడవకపోతే గడ్డి మొలుస్తుందని నువ్వేగా అన్నావు, దాని సొంత చెయ్యి తిరిగొస్తోందా అని అడిగాను. ప్రాణం ఎక్కడో చిన్న ఆశ పెట్టుకుంది, ఏం చెయ్యను.

"లేదండీ," అన్నాడు. "పాపది ఎక్కించుకున్నప్పుడే ఆవిడ సొంత కదలిక చెరిగిపోయింది. పాపది చాలా బలహీనమైన కదలిక, ఇన్నాళ్ళు నిలవడమే ఎక్కువ. అది కూడా పోతే, ఇక అందులో ఏమీ ఉండదు."

మళ్ళీ ఎక్కించడానికి వీల్లేదా అని అడిగింది కృప, ఫోను నా చేతిలోంచి లాక్కుని. ఆ వంపులు ఆకులో లేవు. విడదీసి పెట్టుకున్నది కూడా అయ్యగారి మాట మీద అతను చెరిపేశాడు. మిషనూ విప్పేశాడు. అవన్నీ ఓపిగ్గా చెప్పాడు. కృప "సరే బాబూ, నువ్వు బాగుండు" అని ఫోను పెట్టేసింది.

అప్పట్నుంచి అది నిద్ర మానేసింది. నిద్రపోతే ఆ కాస్త కదలికా తను చూడకుండా పోతుందని. పాఠాలు ఎప్పుడో మానేసింది. సాయంత్రం కుటుంబ ప్రార్థనకి నేను బైబిలు తెరిస్తే వచ్చి కూర్చుంటుంది, కానీ కళ్ళు మూసుకోదు, ఒళ్ళోనే చూపు. ప్రార్థన చెయ్యమంటే "నువ్వు చెయ్యక్కా, నేను ఆమెన్ అంటాలే" అంటుంది. ఒక్కోరోజు అదీ అనదు.

ఇవాళ పొద్దున్న లేచేసరికి వరండాలో పీట మీద కూర్చుని ఉంది. చెయ్యి ఒళ్ళో మెత్తగుడ్డ మీద ఉంది. రాత్రి అన్నాలప్పుడు చిటికెనవేలు ఒకసారి లేచిందట, ఆ తర్వాత ఏమీ లేదట. నేను కాఫీ పెట్టాను. తాగలేదు. పప్పు వండాను. నా చేత్తో ముద్దలు కలిపి పెడితే నాలుగు తింది. నూనె సీసాలవాళ్ళు ఇద్దరు వచ్చి, కదలని చెయ్యి చూసి, గుసగుసలాడుకుని వెళ్ళిపోయారు. రేపట్నుంచి రారు.

"అక్కా, నువ్వు నర్సువిగా," అంది మధ్యాహ్నం. "చూసి చెప్పు. మళ్ళీ మొదలవుద్దంటావా?"

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగానే ఉంది, నాడి ఆడుతోంది, నా చెల్లెలి చెయ్యే అది. వేళ్ళు తెరిస్తే తెరుచుకున్నాయి, మూస్తే మూసుకున్నాయి. వార్డులో ఈ ప్రశ్న నన్ను ఎంతమంది తల్లులు అడిగారో. ఎలా చెప్పాలో నాకు తెలుసు. పక్కన కూర్చోవాలి, పేరు పెట్టి పిలవాలి, ఉన్నదున్నట్టు చెప్పాలి. హెప్సీ పోయినప్పుడు కృపకి అలా చెప్పింది నేనే. అదే మాట అదే మనిషికి ఇంకోసారి చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

"చూద్దాంలేవే," అన్నాను.

తల ఊపింది. సముద్రం వైపునుంచి గాలి చల్లగా వస్తోంది. ఎడమచేత్తో కొంగు లాగి, ఒళ్ళో ఉన్న చేతి మీద కప్పింది. గాలి ఆగేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాం. గాలి ఆగాక కొంగు కూడా కదల్లేదు.